గుమ్మం వదలండి, మామయ్యా

ఆత్‌బాషీ, ఏప్రిల్ 9

చలికాలమంతా కూర్చుని నేను రాసిన కోడ్‌ని మీరు చదవకుండా మూసేశారు. చదివి బాగాలేదంటే పడేదాన్ని. మీరు చదవలేదు. ఇక్కడ గ్యారేజీలో నేనొక చక్రం విప్పి బిగించేలోగా మీ జవాబు వచ్చేసింది: "మన పద్ధతికి సరిపోదు. మూసేస్తున్నాను." కింద పేరు మెలిస్. మా అమ్మ తమ్ముడి పేరు.

ఫోన్ చెయ్యకండి, మీ నంబరు రాకుండా ఆపేశాను. ఫోన్లో మీరు పెద్దమనిషి గొంతు పెట్టి "సరేలేమ్మా" అంటారు, నేను మెత్తబడిపోతాను. కాగితం మీద మెత్తబడను. ఈ ఉత్తరం ఝుమాష్ మినీబస్సులో తెస్తాడు. జవాబూ అతని చేతికే ఇవ్వండి.

మీ తోర్గోయ్ మ్యాప్ మొదటి పేజీలో ఏం రాసుకున్నారు? "ఇది ఎవరి సొత్తూ కాదు. లోపలి కోడంతా తెరిచి పెట్టాం. చూడండి, మార్చండి, పంపండి." నేను నమ్మాను. సిగ్నల్ లేని కొండల్లో దారి చూపే మ్యాప్ ఇంకోటి లేదు. మా డ్రైవర్లందరి ఫోన్లలోనూ అదే ఉంది. అదే వాళ్ళని ముంచుతోంది కూడా.

కోక్‌సాయ్ ఏరు సంగతి మీకు నేను చెప్పాలా? పొద్దున మోకాలి లోతు. ఎండెక్కి పైన మంచు కరిగిందంటే సాయంత్రానికి లారీని తోసేస్తుంది. మీ మ్యాప్‌కి మాత్రం ఏరంటే రెండే రకాలు. దాటొచ్చు, దాటకూడదు. కోక్‌సాయ్‌కి "దాటొచ్చు" అని రాసుంది. పోయిన జూన్‌లో సాయంత్రంపూట ఆ మాట నమ్మి ఝుమాష్ తన బండి దింపాడు. బండి దొర్లింది. అతనూ పెళ్ళామూ దాని నెత్తిన కూర్చుని, గొర్రెలు కొట్టుకుపోతుంటే చూస్తూ ఉండిపోయారు. తర్వాత ఆ ఇంజన్ విప్పింది నేనే. లోపలంతా ఇసుక, ఆ ఇసుకలో ఒక చేపపిల్ల.

ఆ చేపపిల్లని చూశాక కోడ్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. బడి లేదు, మాస్టారు లేడు, పగిలిన ఫోనూ అమ్మ తిట్లూ ఉన్నాయి. ఏరు ఏ వేళకి దాటొచ్చో, ఏ వేళకి కూడదో మ్యాప్ చెప్పేలా రాసి పంపాను. ఏమైంది? డెన్మార్క్ నుంచి హెన్రిక్ అనేవాడు అడిగాడు: "నదిని దాటగలం, లేదా దాటలేం. మూడోదేంటి?" ఇంకెవడో, "అరవై పేజీల నియమాలు చదివే వచ్చావా?" అన్నాడు. ఆ నియమాలు ఇంగ్లీషులో ఉన్నాయి. నా ఇంగ్లీషు ఇంజన్ పుస్తకాల్లో నేర్చుకున్నది. దాంతో బోల్టు బిగించొచ్చు, మీ పెద్దమనుషుల్ని మెప్పించలేను. వాళ్ళు పరాయివాళ్ళు, పోనీ. మీరు?

నాకు తెలుసులెండి. మనవాళ్ళ పెళ్ళిలో మీ స్నేహితులకి నన్ను చూపించి "మా అక్క కూతురు, రవాణా రంగంలో ఉంది" అన్నారు. రవాణా రంగం! నేను బండి కింద వెల్లకిలా పడుకుని నట్లు విప్పుతాను, మామయ్యా.

మే పదికి మందలు వేసవి మేతకి పైకెళ్తాయి. వాటి వెనకే బండ్లు, బండ్లలో పిల్లలు. అంతలోగా నా కోడ్ మళ్ళీ తెరవాలి, ఎవరో ఒకరు చదవాలి. శుక్రవారం బండికి జవాబు పంపండి.

మీ అక్క రాఖత్ కూతురు,
బురుల్
(రవాణా రంగం)


బిష్కెక్, ఏప్రిల్ 13

బురుల్‌కి,

పశువులూ మనుషులూ క్షేమంగా చలి దాటారా? అక్క మోకాలు ఎలా ఉంది? ఈసారి మేకపిల్లలు బతికాయా? కోపంలో కూడా ఇవి అడగాలనీ చెప్పాలనీ నీకు తోచాలి. మీ అమ్మ నీకు నేర్పలేదా, నేర్పినా నువ్వు వినలేదా?

నీ కోడ్ నేను చదవలేదు, నిజమే. నీ పేరూ ఊరూ చూడగానే మూసేశాను. ఎందుకో విను. తోర్గోయ్‌కి తాళాలున్నవాళ్ళం ఐదుగురం. ఎవరు ఏ మార్పు పంపినా మాలో ఒకరు ఒప్పుకుంటేనే లోపలికి వెళ్తుంది. పోయినేడు మాలో ఒకతను తన బావమరిది పంపిన పనిని కళ్ళు మూసుకుని లోపలికి తోశాడు. సగం దేశంలో మ్యాప్ తెరుచుకోలేదు. "మీ దేశంలో అన్నీ ఇంతేనా, అయినవాళ్ళకి ఆకుల్లో?" అని బయటివాళ్ళు అడిగితే నేను తలెత్తలేకపోయాను. అప్పుడు నేనే ఒక నియమం రాశాను. సొంతవాళ్ళ పని మనం తూచకూడదు, పక్కకి తప్పుకోవాలి. అదే చేశాను. అందులో చిన్నచూపు ఎక్కడుంది?

పోతే, నువ్వు ఒక్కసారిగా నడిమధ్యకి దూకావు. మేమంతా టీ పోస్తూనే మొదలుపెట్టాం. ముందు చిన్న పనులు చెయ్యి. సాయం పేజీలు కిర్గిజ్‌లోకి మార్చు. నలుగురూ నీ పేరు గుర్తుపట్టాక పెద్ద పనులు వాటంతటవే వస్తాయి.

ఝుమాష్ చేతికి అక్కకి మందు, నీకో పుస్తకం ఇచ్చాను. ప్రోగ్రామింగ్ మొదట్నుంచీ చెప్తుంది. ఓపిగ్గా చదువు.

నీ మేలు కోరే
మెలిస్ మామయ్య


ఆత్‌బాషీ, ఏప్రిల్ 18

మీ పుస్తకం అట్ట మీద ఎలుగుబంటి ఉంది, మామయ్యా. కళ్ళజోడు పెట్టుకున్న ఎలుగుబంటి. లోపల "చిన్నారులూ, కంప్యూటర్ అంటే ఏమిటో తెలుసా?" అని ఉంది. గ్యారేజీలో అందరూ చూశారు. మా పెద్ద మేస్త్రీ తోక్తోసున్ గారు సగం రోజు పని మానేసి నవ్వారు. "ఏమే చిన్నారీ, డీజిల్ అంటే ఏమిటో తెలుసా?" అని ఇప్పటికీ అంటున్నారు. పుస్తకం వెనక్కి పంపుతున్నాను. అమ్మ మందు అందింది, మోకాలి నొప్పి తగ్గింది, మేకపిల్లలు బతికాయి. ఇవన్నీ అడగడం నాకూ వచ్చు.

ఇక అసలు సంగతి. పక్కకి తప్పుకోవడమంటే గుమ్మం వదిలి నిలబడటం. మీరు తలుపేసి, గడియ పెట్టి, తర్వాత తప్పుకున్నారు. మీరు నా పని చదవకూడదు, సరే. మిగతా నలుగురికీ కళ్ళు లేవా? "ఈమె నా మేనకోడలు, మీలో ఎవరైనా చూడండి" అని ఒక్క ముక్క రాస్తే అయిపోయేది. ఆ ముక్క మీ నోట రాలేదు. మేనకోడలని చెప్పుకోవాల్సొస్తుందని.

టీ పోస్తూ మొదలుపెట్టమన్నారు. ఇరవై మూడేళ్ళొచ్చాయి, గుడారంలో గుమ్మం దగ్గర కూర్చుని, గుమ్మానికెదురుగా పెద్దల చోటులో ఉన్నవాళ్ళకి టీ పోస్తూనే ఉన్నాను. ఈసారి మీరొస్తే కప్పు నిండా పోస్తాను. సగం పోస్తే ఇంకాసేపు ఉండమని, నిండా పోస్తే "ఇక లేచి దయచెయ్యండి" అని కదా మన దగ్గర అర్థం, అదే అనుకోండి.

మీరు తెరవలేదు కాబట్టి నేనే అడిగాను. నిన్న తోర్గోయ్‌లో అందరూ చూసేచోట ఇలా రాశాను: "నా పనిని మూసినాయన మా అమ్మ తమ్ముడు. మా ఆచారం ప్రకారం అక్క పిల్లలు మేనమామ ఇంటికొచ్చి ఏది కావాలంటే అది పట్టుకుపోవచ్చు, ఆయన చెయ్యి అడ్డం పెట్టకూడదు. ఆ హక్కు నేనిక్కడ వాడను. నాకు చుట్టం వద్దు. చదివేవాళ్ళు కావాలి. మే పదికి మా బండ్లు ఏరు దగ్గరుంటాయి."

మీకు గుర్తుందో లేదో, ఆ హక్కు నేనింతవరకు ఒక్కసారీ వాడలేదు. ఏడేళ్ళప్పుడు నుదుట చుక్క ఉన్న గుర్రంపిల్లని ఇస్తానన్నారు. ఇవ్వలేదు. నేను అడగలేదు.

బురుల్


బిష్కెక్, ఏప్రిల్ 27

బురుల్,

నలుగురిలో నా పరువు తీశావు. పదకొండేళ్ళుగా నేను కూర్చున్న చోటది. నిన్న హెన్రిక్ నన్నేం అడిగాడో తెలుసా? "ఆమె నిజంగానే మీ ఇంటికొచ్చి కారు పట్టుకుపోవచ్చా?" ఎగతాళి కాదు, పాపం అతనికి నిజంగానే సందేహం. పోవచ్చు అన్నాను. "మరి కోడ్ ఎందుకు పట్టుకుపోలేదు?" అన్నాడు.

అతనికీ ఒక తాళం ఉంది కదా, అతనే నీ కోడ్ మళ్ళీ తెరిచాడు. మొదటి గీత నుంచి చివరి గీత దాకా చదివి ఒకే వాక్యం రాశాడు: "ప్రపంచమంతా ఆత్‌బాషీ గడియారం చూసుకునే నడుస్తుందా?" చూశావా? నేను మర్యాదగా మూసింది మూసినట్టే ఉంటే ఈ మాట పడాల్సొచ్చేది కాదు. నిన్ను కాపాడాలనే చూశాను. ఇప్పుడైనా వెనక్కి తీసుకో. ఒక ఏడాది నేర్చుకుని మళ్ళీ పంపుదువుగాని.

పుస్తకం అందింది. దుకాణంలో దొరికిన పెద్దవాళ్ళ పుస్తకం అదొక్కటేనని అమ్మినవాడు చెప్పాడు. నేను తెరిచి చూడకుండా కొన్నాను.

మెలిస్


ఆత్‌బాషీ, మే 3

చదవకుండా మూస్తారు, తెరవకుండా కొంటారు. ఆ రెండూ ఒకే జబ్బు, మామయ్యా.

హెన్రిక్ మాటకి మొదట నేనూ మండిపడ్డాను. ఆ వాక్యం చదివి నా చేతిలో ఉన్న రెంచి గోడకేసి కొట్టాను. తోక్తోసున్ గారు "గోడేం చేసిందే నిన్ను?" అన్నారు. తర్వాత కూర్చుని చూసుకుంటే అతనన్నది అక్షరాలా నిజం. మధ్యాహ్నం పన్నెండు దాటితే ఏరు మూసెయ్యమని రాశాను. ఎవరి పన్నెండు? మనది. భూమికి అవతల వైపున్నవాడికి కూడా మన గడియారమే పెట్టి, వాడి ఏరుని వాడి అర్ధరాత్రి మూసేశాను. నాకు తెలిసిన నదులన్నీ ఒకే లోయలో ఉంటే ఇంకేం తోస్తుంది!

కానీ మీరొకటి గమనించలేదు. అతను నన్ను తిట్టలేదు, మామయ్యా. చదివాడు. చదివినవాడే ఆ ప్రశ్న అడగగలడు. అతనికి చక్కెర పూసి మాట్లాడటం రాదు, నాకూ రాదు. మీకొక్కరికే వచ్చు. "నువ్వన్నది నిజం, సరిచేస్తున్నా" అని రాశాను. "మంచిది, త్వరగా చెయ్యి" అన్నాడు. అంతకుముందు అడిగిన "మూడోదేంటి?" కూడా నిజంగా తెలియకే అడిగాడట. వాళ్ళ దేశంలో కొండ లేదట, మంచు కరిగి ఏరు పొంగడం అతనెప్పుడూ చూడలేదట. తెలియనిది అడిగితే నేను పొగరనుకున్నాను.

మన ముసలాళ్ళు గడియారం చూసి ఏరు దాటరు కదా. కొండ మీద ఎండ పడి ఎంతసేపైందో చూస్తారు. అందుకని గడియారం పీకేసి, పొద్దు పొడిచినప్పటి నుంచి లెక్క పెట్టాను. సూర్యుడు అందరికీ ఉంటాడు కదా అని. వెంటనే ఐస్‌లాండ్ నుంచి సిగ్రున్ అనే ఆవిడ వచ్చింది. కొండల్లో చిక్కుకున్నవాళ్ళని బయటికి లాగే పని ఆమెది. "మా నదులూ సరిగ్గా ఇంతే! ఇన్నేళ్ళుగా ఈ మాట ఎవరైనా అంటారని చూస్తున్నాను. కానీ పిల్లా, జూన్‌లో మా సూర్యుడు దిగడమే మర్చిపోతాడు. మళ్ళీ పొడిచేదెప్పుడు?" అంది. మళ్ళీ విప్పాను. ఇప్పుడు సూర్యుడు నడినెత్తికొచ్చిన వేళ నుంచి లెక్క. అది ఆమెకీ ఉంది, నాకూ ఉంది.

హెన్రిక్ ప్రతి గీతనీ మళ్ళీ చూస్తున్నాడు. ముగ్గురం పోట్లాడుకుంటూనే ఉన్నాం. ఇంత హాయిగా నేనెప్పుడూ పోట్లాడలేదు.

వెనక్కి తీసుకోను. మందలు ఇంకో వారంలో కదులుతాయి.

బురుల్


బిష్కెక్, మే 9

బురుల్‌కి,

అక్కకి నమస్కారాలు. పశువులు క్షేమమనుకుంటాను.

నిన్న సాయంత్రం నీ కోడ్ లోపలికి వెళ్ళింది. హెన్రిక్ ఒప్పుకుని తన తాళం తిప్పాడు. నేను వేలు పెట్టలేదు. మీ డ్రైవర్లందరినీ కొండెక్కేలోగా కొత్త మ్యాప్ ఎక్కించుకోమను.

సిగ్రున్ నన్నొకటి అడిగింది. "మీరూ ఆ లోయవాళ్ళేనట కదా. ఆ ఏరు మీకు తెలీదా?"

తెలుసు. ఆరేళ్ళప్పుడు మా నాన్న నన్ను గుర్రం మీద ముందు కూర్చోబెట్టుకుని, జూలు పట్టుకోమని, తెల్లవారే కోక్‌సాయ్ దాటించేవాడు. ఎందుకింత పొద్దున్నే అని ఏడిస్తే, "మధ్యాహ్నం ఏరు మనది కాదురా" అనేవాడు. పదకొండేళ్ళుగా దారుల మ్యాప్ రాస్తున్నాను. అది మ్యాప్‌లో పెట్టదగ్గ సంగతని నాకొక్కనాడూ తోచలేదు. అది మన ఇంటి మాట అనుకున్నాను. ఇక్కడివాళ్ళకి చెప్పే మాట వేరే ఉంటుందనుకున్నాను.

నీ నంబరుకి ఫోన్ చేస్తే ఇంకా మోగడం లేదు.

మెలిస్ మామయ్య


ఆత్‌బాషీ, జూన్ 16

మామయ్యకి,

పశువులు క్షేమం, అమ్మ క్షేమం, నేను క్షేమం, ఝుమాష్ క్షేమం. అతని సంగతే ముందు చెప్పాలి.

పోయిన వారం, పైకెళ్ళే ఆఖరి జట్టు: గ్యారేజీ లారీలో ఝుమాష్, వెనక ఇంకో రెండు బండ్లు, మూడు కుటుంబాలు. గుడారాలు, పిల్లలు, కట్టేసిన దూడలు. కోక్‌సాయ్ ఒడ్డుకి చేరేసరికి పొద్దు వాలుతోంది. ఝుమాష్ ఫోన్ తీశాడు. మ్యాప్ ఎర్రబడి, నేను రాసిన మాటే చూపించింది: "ఇప్పుడు దిగకు. పొద్దున రా." మనవాళ్ళ భాషలోనే.

వెనక బండి ముసలాయన ఊరుకుంటాడా? "ఏరా, ఫోన్ చెప్తే ఆగుతావా? నీకంటే నా గుర్రానికి ధైర్యమెక్కువ" అన్నాడట. ఝుమాష్, "తాతా, పోయినేడు ఇదే ఫోన్ దిగమంటే దిగాను. ఇప్పుడు ఆగమంటే ఆగనా? రాసింది మా బురుల్. తేడా వస్తే దాన్ని తిట్టడానికి బతికుండాలి కదా" అన్నాడట. అందరూ ఒడ్డునే పొయ్యి పెట్టారు. పులిసిన గుర్రంపాల కుమిస్ తిత్తి విప్పారు. రెండో గిన్నె ముగిసేలోగా ఏరు బుసకొట్టుకుంటూ వచ్చేసింది. దూడంత బండరాయి, సరిగ్గా బండ్లు దిగాల్సిన చోటునుంచి, గింజలాగా దొర్లుకుంటూ పోయింది. ముసలాయన గిన్నె కింద పెట్టి, "ఆ పిల్ల పెళ్ళికి నేను గొర్రెనిస్తా" అన్నాడు. తెల్లవారాక మూడు బండ్లూ చక్రాలు సగం కూడా తడవకుండా దాటాయి.

ఝుమాష్ దిగొచ్చి ఇదంతా గ్యారేజీ మధ్యలో నిలబడి చెప్పాడు. తోక్తోసున్ గారు నవ్వలేదు, ఎలుగుబంటి ఊసెత్తలేదు. లోపలికెళ్ళి, తన సొంత కుర్చీ తెచ్చి, గుమ్మానికెదురుగా గోడ దగ్గర వేసి, "కూర్చో" అన్నారు. ఆయన చేత్తో టీ పోసి ఇచ్చారు. సగం కప్పు.

అవతల నేపాల్ వాళ్ళూ పామీర్ వాళ్ళూ తమ ఏరుల్ని మ్యాప్‌లోకి ఎక్కిస్తున్నారని సిగ్రున్ రాసింది. గెలిచాం, మామయ్యా! మీ తాళాలు అడ్డం పడినా, నా మొండి ఇంగ్లీషుతోనే గెలిచాం.

మీ నాన్న మాట, అదే మా తాత మాట, మ్యాప్ సాయం పేజీలో పెట్టాను. ఎవరన్నారో రాయలేదు. మీరు రాయండి.

బురుల్


బిష్కెక్, జూన్ 22

బురుల్‌కి,

ఆరో తాళం నీకివ్వాలని హెన్రిక్ అడిగాడు. చర్చ మొదలవగానే "ఆమె నా మేనకోడలు" అని చెప్పి నేను బయటికొచ్చేశాను. ఈసారి తలుపు వెయ్యలేదు. నలుగురూ సరే అన్నారు.

సాయం పేజీలో మా నాన్న పేరు రాశాను. పక్కన ఊరి పేరు కూడా.

నిన్న ఆఫీసులో ఒకతను నువ్వేం చేస్తావని అడిగాడు. "లారీలు బాగుచేస్తుంది, మ్యాప్‌లు కూడా" అన్నాను.

తాళం చేతికొచ్చింది కదా, ముందేం మారుస్తావు? కొంచెం భయంగానే అడుగుతున్నాను.

మామయ్య


ఆత్‌బాషీ, జూన్ 27

నాకివ్వాల్సిన గుర్రంపిల్లని పదహారేళ్ళుగా మీరు ఇవ్వలేదు, మామయ్యా. దాని దగ్గరికి వస్తాను. ముందు మీరడిగింది.

మార్చేశాను. అరవై పేజీల నియమాలు ఉంటాయి, కానీ గుమ్మంలో ఉండవు, వెనకగదిలో ఉంటాయి. గుమ్మంలో ఒకే పేజీ, ఏ భాషలో రాసినా చదువుతామని. దాని కింద ఒకే నియమం: ఎవరి పనైనా మూసేవాళ్ళు, అందులో ఏ గీత చదివి మూస్తున్నారో చూపించాలి. చూపించలేకపోతే మూయడానికి లేదు. హెన్రిక్ వెంటనే ఒప్పుకున్నాడు. "మరి మెలిస్?" అని అడిగాడు. ఆయనే దీనికి మూలపురుషుడు అన్నాను.

నిన్న నా తాళంతో మొదటి పని మూశాను. ముర్గాబ్‌లో రొట్టెలు కాల్చే ఒకావిడ పంపింది. మొదటి గీత నుంచి చివరి గీత దాకా చదివాను. పరమ చెత్త. ఎందుకు చెత్తో గీత గీతకీ రాశాను. పొద్దున్నే జవాబొచ్చింది: "నువ్వెవరివే నాకు చెప్పడానికి, పొగరుబోతుదానా? మళ్ళీ పంపుతున్నా, చూసుకో." రెండోసారి పంపింది చాలా నయం. మూడోసారికి లోపలికొస్తుంది. ఆవిడంటే నాకు తెగ నచ్చేసింది.

ఇక గుర్రంపిల్ల. కోడ్ విషయంలో నేను మేనకోడలి హక్కు వాడలేదు. అడ్డం మీరున్నా నా చేత్తో నేను తెచ్చుకున్నాను. కాబట్టి ఆ హక్కు అలాగే, ముట్టుకోకుండా, నిండుగా ఉంది. ఇప్పుడు వాడుతున్నాను. నుదుట చుక్క ఉండాలి. బక్కది వద్దు. ఎవరి చేతికో ఇచ్చి పంపితే తీసుకోను, మీరే తేవాలి, కోక్‌సాయ్ అవతల అమ్మ గుడారం దాకా. పెద్దల చోటులో కూర్చోండి, నేనే టీ పోస్తాను. సగం సగమే పోస్తాను, ఎన్నిసార్లయినా.

శుక్రవారం ఝుమాష్ బండి బిష్కెక్ వదిలేలోగా అతని చేతికి "తెస్తున్నా" అని రాసివ్వండి. లేదంటే శనివారం నేనే వచ్చి మీ కారు పట్టుకుపోతాను. హెన్రిక్‌ని సాక్ష్యం పెట్టుకున్నాను.

ఫోన్ కూడా చెయ్యొచ్చు. మోగుతుంది.

తెల్లవారే బయల్దేరండి. మధ్యాహ్నం ఏరు మనది కాదు.

బురుల్